6.5 లక్షలు పెట్టి సాఫ్ట్‌వేర్ మార్చాం, "దానివల్ల ఏం ఒరిగింది" అంటున్నారు నాన్నగారు, లెక్క ఎలా చెప్పాలి?

బెజవాడ_స్టాకిస్ట్ | నవంబరు 8, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో మందుల హోల్‌సేల్. నాన్నగారు మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది, నేను వచ్చి ఆరేళ్లు. ఏడాదికి 14 కోట్ల టర్నోవరు, 22 మంది స్టాఫ్, ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆరొందల దాకా మెడికల్ షాపులకు సరుకు వేస్తాం. 2024 ఏప్రిల్‌లో పాత ప్యాకేజీ తీసేసి కొత్తది పెట్టాం. బిల్లింగ్, స్టాకు, సేల్స్‌మన్ యాప్, అన్నీ కలిపి 6.5 లక్షలు. మొదటి ఏడాది దాటాక ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు) 90 వేలు.

మొన్న ఏఎంసీ చెక్కు మీద సంతకానికి వెళ్తే నాన్నగారు కళ్లజోడు తీసి పక్కన పెట్టి "ఒరేయ్, ఏడాదిన్నర అయింది. ఏం ఒరిగింది చెప్పు, సంతకం పెడతా" అన్నారు. డ్యాష్‌బోర్డు చూపించా. రంగుల రంగుల గ్రాఫులు. "ఇందులో డబ్బు ఎక్కడుంది?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. కోపం కూడా వచ్చింది, నిజానికి నా మీద నాకే.

బాగుందా అంటే బాగుంది, అంతకుమించి చెప్పలేకపోతున్నా. ఇలాంటివి మీరు ఎలా కొలుస్తారు? సాఫ్ట్‌వేర్ పేరు అడగొద్దు ప్లీజ్, అది ఇక్కడ విషయం కాదు.

---

తాతల_నాటి | నవంబరు 8, రాత్రి 11:05

మా తాత ఎర్ర అట్ట పుస్తకంతో ఊరంతా అప్పులిచ్చి వసూలు చేశాడు. ఆయనకి డ్యాష్‌బోర్డు లేదు. మీ నాన్నగారికి నా నమస్కారాలు.

---

అమలు_చేసేవాడు | నవంబరు 8, రాత్రి 11:31

పన్నెండేళ్లుగా ఇలాంటి ప్యాకేజీలు పెట్టడమే నా పని, కాబట్టి అవతలివాళ్ల వైపు నుంచి మాట్లాడతా, తిట్టుకోకండి. కొనేటప్పుడు మీరు వాళ్లకి ఏం కావాలని చెప్పారు? "మంచి సాఫ్ట్‌వేర్ కావాలి, పక్క షాపులో ఉన్నట్టు" అనే కదా? నూటికి తొంభై మంది ఇంతే. ఆ కొటేషన్ కాగితం వెతికి తీయండి. అందులో ఏమేం రాసుందో చూడండి, ఏం లేదో కూడా చూడండి. ఫీచర్ల లిస్టు ఉంటుంది. మీ వ్యాపారంలో ఏ నొప్పి తగ్గాలో ఒక్క ముక్క ఉండదు. తగ్గాల్సిందేదో రాసుకోనప్పుడు ఇప్పుడు తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంకోటి. ఐటమ్ మాస్టర్ (సరుకులన్నిటి పేర్ల అసలు జాబితా) శుభ్రం చేసి ఎక్కించారా, లేక పాతదంతా అలాగే గుమ్మరించారా? ఒక చోట పారాసిటమాల్ 650 మూడు స్పెల్లింగులతో మూడు ఐటమ్‌లుగా చూశా. స్టాకు మూడు ముక్కలైపోయి ఉంటుంది, ఓనరేమో సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోందని నా మీద అరుస్తాడు.

---

ప్లానో_నుంచి | నవంబరు 9, ఉదయం 6:15

నేను ఇక్కడ టెక్సస్‌లో ఐటీ గవర్నెన్స్‌లో పనిచేస్తా. మీరడిగింది చిన్న ప్రశ్న కాదండీ, దీని మీద పెద్ద పెద్ద ఫ్రేమ్‌వర్కులే ఉన్నాయి. ఐసాకా అనే సంఘం వాళ్ల కోబిట్ అని ఉంది. 2019 వెర్షన్లో 40 లక్ష్యాలు ఉంటాయి. కంపెనీ లక్ష్యం నుంచి ఐటీ లక్ష్యానికి, అక్కడి నుంచి రోజువారీ పనికి మెట్లు దిగుతూ వస్తుంది. మీరు కావాలంటే ఒక షీట్ తయారుచేసి పంపుతా, ఒక్కో లక్ష్యానికి 0 నుంచి 5 దాకా మార్కులు వేసుకోవచ్చు.

---

తాతల_నాటి | నవంబరు 9, ఉదయం 7:02

40 లక్ష్యాలు, 22 మంది స్టాఫ్. మనిషికి దాదాపు రెండేసి వస్తాయి. మందులు ఎవరు అమ్ముతారు?

---

సీఏ_అరండల్‌పేట | నవంబరు 9, ఉదయం 9:20

ఫ్రేమ్‌వర్కుల సంగతి తర్వాత, ముందు ఖర్చుని రెండు కుప్పలు చేయండి. ఒకటి, పెట్టక తప్పని ఖర్చు. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవరు 5 కోట్లు దాటినవాళ్లకి ఈ-ఇన్‌వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం) తప్పనిసరి. మీది 14 కోట్లు, కాబట్టి 2025 ఏప్రిల్ 1 నుంచి ఇంకో తిప్పలు కూడా ఉంది, బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో పోర్టల్‌కి ఎక్కించకపోతే అది తీసుకోదు. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్‌కి "లాభం ఎంత" అని అడగడం కరెంటు బిల్లుకి లాభం అడిగినట్టు. అది పక్కన పెట్టేయండి. (మీది కంపెనీ అయితే ఆడిట్ ట్రయల్ రూలు, అంటే లెక్కల్లో ఏ మార్పు చేసినా రికార్డు ఉండాలన్నది కూడా 2023 ఏప్రిల్ నుంచి ఉంది. పార్ట్‌నర్‌షిప్ అయితే ఆ గొడవ లేదు.)

రెండో కుప్ప, మీరు కోరి పెట్టింది. దానికే లెక్క అడగాలి. "ముందు ఎలా ఉందో కొలవలేదు, ఇప్పుడెలా" అని దిగులు పడకండి. పాత లెక్కలు ఎక్కడికీ పోలేదు. మీ పాత డేటాలో ఎక్స్‌పైరీ నష్టం, సరుకు వాపసు, బాకీలు అన్నీ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త. బాకీలకి మార్చి 31 అంకె తీసుకోకండి. ఆ నెలలో అందరూ పరుగులెత్తి వసూలు చేస్తారు, దాన్ని చూస్తే మీరు మహా క్రమశిక్షణ గలవాళ్లు అనిపిస్తుంది. ప్రతి నెలాఖరు అంకె తీసి పన్నెండింటికీ సగటు కట్టండి.

---

బెజవాడ_స్టాకిస్ట్ | నవంబరు 9, మధ్యాహ్నం 1:48

సీఏ గారూ, ఇది నాకు తట్టనే లేదు, థాంక్స్.

అమలు_చేసేవాడు అన్నా, కొటేషన్ దొరికింది. 34 ఫీచర్లు. "మల్టీ యూజర్", "ఎస్సెమ్మెస్ ఇంటిగ్రేషన్", "యూజర్ ఫ్రెండ్లీ స్క్రీన్లు". నాన్నగారు పదేళ్ల నుంచి రోజూ ఒకటే మాట అంటారు, ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు అప్పు) తగ్గాలి, బాకీలు త్వరగా రావాలి అని. ఆ 34లో కలెక్షన్ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. రాయించింది నేనే.

మాస్టర్ కూడా అలాగే గుమ్మరించాం 😐

---

రాజమండ్రి_సిస్టమ్స్ | నవంబరు 9, సాయంత్రం 4:10

నేను ఒక చీరల హోల్‌సేల్ సంస్థలో సిస్టమ్స్ చూస్తాను. నా పద్ధతి చెప్తే మీరు నవ్వుతారు. మా దగ్గర రోజూ 23 రిపోర్టులు ప్రింటై టేబుళ్ల మీదకి వెళ్లేవి. ఒక సోమవారం ఎవరికీ చెప్పకుండా అన్నీ ఆపేశా. రెండు వారాల్లో ఫోన్ వచ్చింది నాలుగింటి కోసం. ఆ నాలుగే మా వాళ్లు నిజంగా వాడుతున్నవి, మిగతా 19 కాగితం ఖర్చు.

దీనికి రివర్స్ కూడా చేయాలి, అదే అసలుది. మీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పక్కన ఇంకా ఏ నోటు పుస్తకాలు, డైరీలు, ఎక్సెల్ షీట్లు, వాట్సాప్ గ్రూపులు బతికున్నాయో చూడండి. మనిషి ఊరికే రెండు చోట్ల రాసుకోడు. రాస్తున్నాడంటే సిస్టమ్‌లో వాడికి కావలసింది ఏదో లేదు, లేదంటే ఉన్నా నమ్మకం లేదు. ఏ కన్సల్టెంటూ ఇవ్వలేని రిపోర్టు ఆ పుస్తకాల్లో ఉంటుంది. గొడవ చేయకుండా, "ఎందుకు రాస్తున్నావ్" అని మందలించినట్టు కాకుండా, పక్కన కూర్చుని టీ తాగుతూ అడగండి.

---

సింగ్‌నగర్_హార్డ్‌వేర్ | నవంబరు 9, రాత్రి 9:33

మందుల వ్యాపారం తెలీదు గానీ ఒక్క మాట చెప్పి పోతా. అందరూ లాభం గురించే మాట్లాడుతున్నారు, పోతే ఏంటి అన్నది కూడా కొలవాలి. 2024 సెప్టెంబరు 1, బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డ రోజు. మా సర్వర్ అంటే ఒక పాత సీపీయూ, కౌంటర్ కింద నేల మీద ఉండేది. బ్యాకప్ తీసుకునేవాళ్లం, రోజూ, పద్ధతిగా. ఆ హార్డ్ డిస్కు అదే కౌంటర్ సొరుగులో పెట్టేవాళ్లం. నీళ్లు తీశాక సొరుగు లాగితే ఊడి చేతికొచ్చింది, లోపల డిస్కు మీద వేలెడు బురద.

జీఎస్టీ పోర్టల్ కాస్త ఆదుకుంది. కొన్నవి 2బీలో (మాకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల స్టేట్‌మెంటు), రిజిస్టర్డ్ పార్టీలకి అమ్మినవి మా రిటర్నుల్లో బిల్లు నంబర్లతో సహా దొరికాయి. కానీ ఎవరు ఎంత కట్టారు, ఎవరు కట్టలేదు అన్నది పోర్టల్‌కి తెలీదు కదా. కొందరు మంచివాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి "నేను ఇంత ఇవ్వాలి" అన్నారు. కొందరు రాలేదు.

ఇప్పుడు కాపీ ఒకటి క్లౌడ్‌లో, ఒకటి మా బావమరిది ఇంట్లో నూజివీడులో. మూడు నెలలకోసారి వేరే ల్యాప్‌టాప్‌లో ఎక్కించి తెరిచి చూస్తా. మొదటిసారి చూసినప్పుడు తెరుచుకోలేదు. ఫైల్ సగమే కాపీ అవుతోందట.

---

బెజవాడ_స్టాకిస్ట్ | నవంబరు 9, రాత్రి 10:20

అన్నా చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మాది మొదటి అంతస్తు కాబట్టి తప్పించుకున్నాం అంతే. మా బ్యాకప్ తెరిచి చూశారా అంటే... రేపే చూస్తా.

---

ప్లానో_నుంచి | నవంబరు 10, ఉదయం 5:50

తాతల_నాటి గారి చురక తగిలింది లెండి 🙂 40 లక్ష్యాలు వద్దు, ఒప్పుకుంటా. కానీ ఫ్రేమ్‌వర్కులో ఒక్క ప్రశ్న మాత్రం మీకు పనికొస్తుంది, వ్యాపారానికి కావలసిన ఫలితం ఒకటి రాసి, అది రావడానికి ఏ సమాచారం, ఎవరి చేతికి, ఎప్పటికి అందాలి అని వెనక్కి నడవడం.

పెద్దవాళ్లు కూడా బోల్తా పడ్డారు. ఇక్కడ హెర్షీ చాక్లెట్ కంపెనీ 1999లో 112 మిలియన్ డాలర్లు పెట్టి కొత్త సిస్టమ్ తెచ్చుకుంది. నాలుగేళ్లు పడుతుందన్న పనిని రెండున్నరేళ్లలో ముగించాలనుకున్నారు, ఏప్రిల్‌లో మొదలుకావాల్సింది జులైకి జారింది. అంటే సరిగ్గా హాలోవీన్ (ఇక్కడ పిల్లలకి మిఠాయిలు పంచే పండగ) ఆర్డర్లు ముంచుకొచ్చే టైము. గోదాముల్లో చాక్లెట్లు ఉన్నాయి, షాపుల నుంచి ఆర్డర్లు ఉన్నాయి, రెండింటినీ కలపలేకపోయారు. 100 మిలియన్ డాలర్లకు పైగా సరుకు వెళ్లలేదు, ఆ మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది. సాఫ్ట్‌వేర్ చెడ్డదేం కాదు. సంక్రాంతి ముందు రోజు షాపుకి రంగులు వేయించినట్టు.

---

అమలు_చేసేవాడు | నవంబరు 10, ఉదయం 8:44

ఇక్కడ అందరూ ఏప్రిల్ 1 అంటారు. పాత ఏడాది క్లోజింగు, కొత్త ప్యాకేజీ, కొత్త బిల్ సిరీస్, అన్నీ ఒకే రోజు. నా జుట్టు ఊడింది ఏప్రిల్ నెలల్లోనే.

---

బెజవాడ_స్టాకిస్ట్ | నవంబరు 16, రాత్రి 11:15

వారం పట్టింది, ఇప్పుడు రాస్తున్నా, కాస్త పొడుగు, ఓపిక చేసుకోండి.

ముందు మంచి వార్త. ఎక్స్‌పైరీ నష్టం, అంటే కంపెనీలు వాపసు తీసుకోకుండా మా నెత్తిన పడ్డది, 2023-24లో 5.8 లక్షలు. 2024-25లో 3.1 లక్షలు. గడువు దగ్గరపడ్డ బ్యాచ్‌ల లిస్టు ప్రతి సోమవారం వస్తోంది, గోడౌన్ అబ్బాయి వాటిని ముందు వరసలోకి లాగుతున్నాడు. ఏడాదికి 2.7 లక్షలు మిగులు. ఏఎంసీ పోను 1.8, అంటే పెట్టిన 6.5 తిరిగి రావడానికి మూడున్నరేళ్లు పైన. ఫరవాలేదు, గొప్పగా లేదు.

లెక్కలోకి రాని మంచి ఇంకోటి. 2025 సెప్టెంబరు 22న మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5కి దిగినప్పుడు (కొన్నిటికి పూర్తిగా సున్నా) మా తొమ్మిది వేల ఐటమ్‌ల రేట్లు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకానికి ఉండే నంబరు) ప్రకారం ఒక్క ఆదివారం సాయంత్రం మార్చేశాం. పాత దానిలో అయితే ఒక్కొక్కటి తెరిచి మార్చాలి. పక్క వీధిలో ఒకాయన మూడు రోజులు షట్టరు సగం దించి కూర్చున్నాడు. దీనికి రేటు ఎలా కట్టాలో తెలీడం లేదు.

ఇప్పుడు చెడ్డ వార్త. బాకీలు నెలాఖరు సగటు తీశా. పాత ప్యాకేజీలో 52 రోజుల అమ్మకానికి సమానమైన డబ్బు షాపుల దగ్గర బాకీగా బయట ఉండేది. కొత్త దానిలో 54. అంటే నాన్నగారు అడిగినదాంట్లో మేం రెండు రోజులు వెనక్కి వెళ్లాం. 2 కోట్ల పైన బయట ఉంది.

రాజమండ్రి మేడమ్ చెప్పినట్టు పుస్తకాల వేట చేశా. రెండు దొరికాయి.

మొదటిది సేల్స్‌మన్‌ల దగ్గర. ఆరుగురికీ యాప్ ఇచ్చాం, ట్యాబ్‌లు కొనిచ్చాం. నలుగురు ఆర్డర్లు వాట్సాప్ వాయిస్‌లో పంపుతున్నారు, ఆఫీసులో అమ్మాయి విని మళ్లీ కొడుతోంది. ఎందుకని అడిగితే ఒకడు యాప్ తీసి చూపించాడు. ఒక ఇన్సులిన్ స్టాకు సున్నా అని ఉంది. "అన్నా, అది ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉంది, పొద్దున నేనే దించా" అన్నాడు. వెళ్లి చూస్తే ఉంది, అట్టపెట్టె కూడా విప్పలేదు. సంగతేంటంటే సరుకు ఉదయం 9కి దిగుతుంది, పర్చేజ్ ఎంట్రీ సాయంత్రం 5కి అవుతుంది, ఎందుకంటే ఎంట్రీ చేసే మనిషే పగలంతా ఆ వాయిస్ మెసేజ్‌లు వింటూ బిల్లులు కొడుతోంది! యాప్‌లో స్టాకు తప్పు కాబట్టి వాయిస్, వాయిస్ కాబట్టి ఎంట్రీ లేటు, ఎంట్రీ లేటు కాబట్టి స్టాకు తప్పు. ఏడాదిన్నరగా ఇలా గుండ్రంగా తిరుగుతున్నాం.

గురువారం నుంచి ఆ అమ్మాయికి 9 నుంచి 11 దాకా వేరే ఏ పనీ చెప్పొద్దని పెట్టా. చాలా కంపెనీలు పర్చేజ్ ఫైల్ మెయిల్‌లో పంపుతాయట, నేరుగా ఎక్కించొచ్చట, ఆ బటన్ మొదటి నుంచీ ఉందట. ఎవరూ నొక్కలేదు. శనివారానికి ఇద్దరు సేల్స్‌మన్‌లు వాళ్లంతట వాళ్లే యాప్‌కి మళ్లారు.

రెండో పుస్తకం గురించి రేపు రాస్తా, కళ్లు మూతలు పడుతున్నాయి.

---

తాతల_నాటి | నవంబరు 16, రాత్రి 11:40

రెండో పుస్తకం ఎర్ర అట్టేనా?

---

సీఏ_అరండల్‌పేట | నవంబరు 17, ఉదయం 10:05

సెప్టెంబరు 22 సంగతికి రేటు కట్టాలంటే మీ ఒక్క రోజు మార్జిన్ తీసుకోండి. రోజుకి 3.84 లక్షల అమ్మకం, 8 శాతం అనుకున్నా 30 వేలు. మూడు రోజులు ఆగకుండా ఉంటే 90 వేలు, ఒక ఏఎంసీ. కాకపోతే ఆగిన అమ్మకమంతా పోదు, కొంత తర్వాతి రోజుల్లో వస్తుంది, కాబట్టి సగం వేసుకోండి. ఇలాంటివి ఏటా జరగవు, లాభం ఖాతాలో కలపకుండా పక్కన ఒక వరుసలో రాసుకుంటే చాలు.

---

బెజవాడ_స్టాకిస్ట్ | నవంబరు 17, రాత్రి 9:58

ఎర్ర అట్టే 😄

నాన్నగారి పుస్తకం. పొడుగ్గా ఉంటుంది, మధ్యలో నిలువునా మడిచి పెట్టుకుంటారు. ఇది పాత అలవాటు, వయసైంది కదా అనుకునేవాడిని. నిన్న మొదటిసారి తెరిచి చదివా. పార్టీ పేరు, బాకీ, ఈ రెండూ సిస్టమ్‌లోనూ ఉన్నాయి. పక్కన ఆయన చేతిరాతతో ఉన్నవి మాత్రం లేవు. "మంగళవారం ఇస్తానన్నాడు." "అమ్మాయి పెళ్లి, ఫాల్గుణం దాకా అడగొద్దు." "చెక్కు ఇచ్చాడు, 20 తర్వాత వెయ్యమన్నాడు." "మాట తప్పడం మూడోసారి, సరుకు ఆపు."

మా సాఫ్ట్‌వేర్ ఇచ్చే బాకీల రిపోర్టు 600 పేర్లు ఎక్కువ నుంచి తక్కువకి పేరుస్తుంది. కలెక్షన్ కుర్రాడు పైనుంచి మొదలుపెట్టి పెద్ద బాకీవాళ్ల దగ్గరికే రోజూ వెళ్తాడు, వాళ్లు విసుక్కుంటారు. మంగళవారం ఇస్తానన్నవాడి దగ్గరికి మంగళవారం ఎవరూ వెళ్లరు. ఇదివరకు నాన్నగారు పొద్దున్నే పుస్తకం చూసి ఎవరెవరి దగ్గరికి వెళ్లాలో చీటీ రాసిచ్చేవారు. కొత్తది వచ్చాక "సిస్టమ్ రిపోర్టు ఉంది కదా నాన్నా" అని ఆ చీటీ నేనే ఆపించా. 52 కాస్తా 54 అయింది అందుకేనేమో. ఖాయంగా చెప్పలేను గానీ ఆ చీటీ ఆగిందీ అంకె పెరగడం మొదలైందీ ఆ వేసవిలోనే.

54 నుంచి 46కి దింపగలిగితే 30 లక్షల పైన ఓడీ తగ్గుతుంది. మా వడ్డీ 10.5, అంటే ఏడాదికి 3.2 లక్షలు. ఎక్స్‌పైరీలో మిగిలినదానికంటే ఎక్కువ. వెండర్‌ని "ఇస్తానన్న తేదీ" అని ఒక గడి, ఆ తేదీ ప్రకారం రోజూ పొద్దున ఒక లిస్టు అడిగితే 15 వేలు అన్నాడు.

---

అమలు_చేసేవాడు | నవంబరు 17, రాత్రి 10:30

15 వేలు ఇవ్వకండి ఇప్పుడే! రెండు నెలలు ఎక్సెల్‌లో నడపండి. అంకె 54 నుంచి కదిలితే అప్పుడు కట్టించుకోండి. కదలకపోతే 15 వేలు మిగిలాయి. (నా సొంత పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నా.)

---

రాజమండ్రి_సిస్టమ్స్ | నవంబరు 18, ఉదయం 9:12

అది సరే, ఆ తేదీ ఎవరు ఎక్కిస్తారు? కలెక్షన్ కుర్రాడికి అప్పజెప్తే ఖాళీగా వదిలేస్తాడు, లేదా అందరికీ "రేపు" అని కొడతాడు. మా దగ్గర అదే అయింది. 180 పార్టీలకి ఒకే తేదీ.

---

బెజవాడ_స్టాకిస్ట్ | నవంబరు 19, రాత్రి 10:47

నాన్నగారే. ఆయన కీబోర్డు ముట్టరు, పుస్తకం చూసి చదువుతారు, పక్కన కూర్చుని నేను కొడతా. రాత్రి భోజనాలయ్యాక గంట. ఒక్కో పేరుకీ ఒక కథ చెప్తారు కాబట్టి నెమ్మదిగా సాగుతోంది. నిన్నటికి 31 పేర్లు అయ్యాయి, పుస్తకంలో ఇంకా ఎనభై దాకా ఉన్నాయి. చీటీ మళ్లీ మొదలైంది, ఈసారి ప్రింటులో, ఆయన అడిగారని అక్షరాలు పెద్దవి చేసి.

ఏఎంసీ చెక్కు మీద ఇంకా సంతకం పెట్టలేదు. జనవరి నెలాఖరు అంకె చూసి పెడతానన్నారు. బ్యాకప్ తెరిచి చూశాం, తెరుచుకుంది, కాకపోతే ఆగస్టు దాకానే ఉంది. ఆ తర్వాతది ఎక్కడికి పోతోందో వెండర్ రేపు వచ్చి చూస్తానన్నాడు.